రెండు కార్డుల కెమెరా

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమె పని ఫ్రేములు చూపించడం, అద్దాలు బిగించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చోకపోతే కాస్త వంచి సరిచేయడం. వచ్చినవాళ్ళు ఉన్న ఫ్రేములన్నీ పెట్టుకుని చూసి, చివరికి మొదట చూసినదే తీసుకుంటారని ఆమెకు అనుభవం. అందుకే ఎవర్నీ తొందరపెట్టేది కాదు. అలాంటి మనిషి తను కొత్త కెమెరా కొనే సంగతికి వచ్చేసరికి నెలల తరబడి ఎటూ తేల్చుకోలేకపోయింది.

ఉన్న కెమెరా సరదాకి కొనుక్కున్నది. సెలవు రోజుల్లో వీధి చివరి స్టూడియో పెద్దాయన వెంట రెండో ఫొటోగ్రాఫరుగా వెళ్ళడం మొదలుపెట్టాక దాని లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వెలుతురు కాస్త తగ్గితే చాలు, ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు. మనిషి కదిలితే ఫోకస్ వెనకున్న కర్టెన్ మీదికి పోయేది. పెద్దాయన ఆ ఫొటోలు చూసి, "కర్టెన్ చాలా బాగా వచ్చిందమ్మా" అనేవారు.

ఇంట్లో ఆమె, ఆమె తమ్ముడు ఉంటారు. తమ్ముడు ఫొటోలు తీయడు గాని, కెమెరాల గురించిన వీడియోలు అన్నం తింటూ కూడా చూస్తాడు. కొత్తగా వచ్చిన ఒక చిన్న కెమెరా మీద అతని మనసు పడింది. బరువు లేదు, మెగాపిక్సెళ్ళు బోలెడు. ఫొటోలో ఓ మూలనున్న మొహాన్ని కత్తిరించి గోడంత పోస్టరు వేయొచ్చని అక్కకు నచ్చజెప్పాడు. ఎవరి మొహం వేద్దామని ఆమె అడిగితే మాత్రం ఇంకో వీడియో పెట్టుకున్నాడు. పెద్దాయనేమో ముందు మంచి లెన్సు కొనుక్కో, మిగతాది తర్వాత చూద్దాం అన్నారు. ఇద్దరి మాటా విన్నాక ఆమె తమ్ముడి వైపే మొగ్గింది. ఆ కెమెరా చూడముచ్చటగా ఉంది మరి. ఆదివారం కెమెరాల దుకాణానికి వెళ్దామని మాటిచ్చింది.

దానికి ముందురోజే ఆమెకు సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. పెళ్ళికూతురు పిల్లల వార్డులో నర్సు, కళ్ళజోడు సరిచేయించుకోవడానికి తరచూ వచ్చే అమ్మాయి. ఆర్భాటమేమీ లేదు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, నాలుగు ఫొటోలు, అంతే. పెళ్ళికూతురి అమ్మమ్మ తుంటికి ఆపరేషనయి చక్రాల కుర్చీలో వచ్చింది. సాక్షి సంతకం తనే పెడతానని ఆవిడ పట్టుబట్టింది. పెన్ను గట్టిగా పట్టుకుని, నాలిక పళ్ళ మధ్య బిగించి, పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా ఒక్కో అక్షరం దిద్దింది. వెనక నుంచి మనవరాలు వంగి చూస్తోంది. ఆ ఫొటో తీసి తెర మీద చూసుకున్నప్పుడు, ఈ పని తనకు వస్తుందని ఆమెకు మొదటిసారి నమ్మకం కలిగింది.

అందరూ మెట్ల మీద నిలబడ్డాక కెమెరా తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఫొటోలు నిలవుండే మెమరీ కార్డు చదవలేకపోతోందట. తీసి మళ్ళీ పెట్టింది. అదే మాట. జేబులోని ఇంకో కార్డు వేసి మెట్ల మీది ఫొటోలు తీసింది గాని ఎవరికీ ఏమీ చెప్పలేదు. కంప్యూటర్లో పెడితే వచ్చేస్తాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అక్కణ్ణుంచి తిన్నగా స్టూడియోకి వెళ్ళింది. పెద్దాయన తనకు తెలిసిన ఉపాయాలన్నీ ప్రయోగించారు. కొన్ని వచ్చాయి. నుదురు, కళ్ళు ఉన్నాయి, ఆ కింద అంతా బూడిదరంగు పట్టీ. అమ్మమ్మ సంతకం వాటిలో కూడా లేదు.

"ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యమ్మా," అన్నారాయన. "రేపటిదాకా నాన్చితే నోరు పెగలదు."

మీకెప్పుడూ ఇలా కాలేదా అని అడిగిందామె. ఒకసారి అయిందని, అప్పట్నుంచీ ప్రతి ఫొటోనూ ఒకేసారి రెండు కార్డుల మీద రాసుకునే కెమెరాలే వాడుతున్నానని చెప్పారు. ఇన్నాళ్ళ అలవాటు మీద ఆ సంగతి నీకు చెప్పాలని కూడా తట్టలేదు అన్నారు.

ఆమె వెళ్ళేసరికి పెళ్ళివారింట్లో భోజనాలు అయి కంచాలు తీస్తున్నారు. గుమ్మంలోనే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. పెళ్ళికూతురు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. పెళ్ళికొడుకు గొంతు పెంచలేదు.

"మేం మిమ్మల్ని పిలిచింది ఆ ఒక్క పనికేగా అండీ," అన్నాడు.

 తిట్టినా ఇంత బాధ ఉండేది కాదని ఆమెకు అనిపించింది.

పక్క గదిలో సగం సగం విన్న అమ్మమ్మ కుర్చీ తోసుకుంటూ గుమ్మందాకా వచ్చి, ఏం పోయిందని అడిగింది. మనవరాలు చెప్పింది.

"నా సంతకం పోయిందా?"

"సంతకం ఎక్కడికీ పోలేదు అమ్మమ్మా. దాని ఫొటో పోయింది."

"అయితే పెళ్ళి నిలిచినట్టే కదే," అంది ఆవిడ.

పెళ్ళికొడుకు తప్ప అందరూ నవ్వారు. కాగితం, పెన్ను తెండి, మళ్ళీ రాస్తా, ఫొటో తీసుకోమంది అమ్మమ్మ. మనవరాలు ఒప్పుకోలేదు. అది నాటకమవుతుంది అంది. తర్వాత ఫొటోగ్రాఫరు వైపు తిరిగి, "ఉంటారా అక్కా కాసేపు? మేమెలాగూ ఇంట్లోనే ఉంటాం," అంది.

ఆమె ఉండిపోయింది. కిటికీ పక్కన మనవరాలు అమ్మమ్మ జడ విప్పి దువ్వుతుంటే తీసింది. వంటింట్లో ఇద్దరు పిన్నులు మిగిలిన కూర ఎవరు తీసుకెళ్ళాలా అని వాదించుకుంటుంటే తీసింది. పెళ్ళికొడుకు చాలాసేపు కెమెరాకి దొరక్కుండా తిరిగాడు. చివరికి అమ్మమ్మ అతన్నే పిలిచి బాల్కనీలోకి తీసుకెళ్ళమంది. కుర్చీ గడప దగ్గర ఇరుక్కుంది. దాన్ని ఎత్తబోయి అతను, ఎత్తనివ్వకుండా తనే దిగబోయి ఆవిడ, ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుని నవ్వేశారు. వెలుతురు వాలిపోయేదాకా తీసి, డబ్బు మాట రానివ్వకుండా చెప్పులేసుకుని బయటపడింది.

మర్నాడు కెమెరాల దుకాణంలో తమ్ముడు ఆ చిన్న కెమెరా తెప్పించాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని ముందుగా పక్కనున్న చిన్న మూత తెరిచింది. ఒకే కార్డు పట్టే చోటుంది. రెండు పట్టేది చూపించమంది. అమ్మే అతను లోపల్నుంచి ఎవరో వాడి అమ్మేసిన పాత మోడల్ తెచ్చాడు. బరువు ఎక్కువ, మెగాపిక్సెళ్ళు సగం కూడా లేవు, పిడి దగ్గర నలుపు అరిగి మెరుస్తోంది. ఆమె ఆ అమ్మే అతన్నే దీపం లేని అరల వరస వైపు నడవమని చెప్పి, నడుస్తుండగా వరసగా ఫొటోలు తీసింది. చీకటి మూలలో కూడా మొహం మీద ఫోకస్ నిలబడింది, చుక్కలు పెద్దగా లేవు. ఒకే ఫొటో రెండు కార్డుల్లోనూ ఉందో లేదో చూసుకుంది. మణికట్టు లాగేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఇది ఎప్పటిదో," అన్నాడు తమ్ముడు.

"నాకిది చాలురా."

బస్సులో తమ్ముడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కాని ఇంటికి వెళ్ళాక దాని పుస్తకం ముందు చదివింది అతనే.

పెళ్ళివారింటి ఫొటోలు పంపితే పెళ్ళికొడుకు నుంచి 'అందాయి' అన్న ఒక్క మాట వచ్చింది. పెళ్ళికూతురు మాత్రం తన వార్డులో ఇంకొకామెకు ఈమె నంబరిచ్చింది. జరిగిన పొరపాటూ, వెంటనే వచ్చి చెప్పిన సంగతీ రెండూ చెప్పే ఇచ్చింది. ఆ పని వచ్చాక ఆమె కళ్ళజోళ్ళ దుకాణం యజమానిని శనివారాలు వదిలిపెట్టమని అడిగింది. ఆయన గొణిగి, జీతం కాస్త తగ్గించి, ఒప్పుకున్నాడు.

పనికి బయల్దేరే ముందు ఇప్పటికీ ఆమె రెండు కార్డులూ తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంటూనే ఉంటుంది. ఈ భయం ఎప్పటికి తగ్గుతుందని పెద్దాయన్ని అడిగింది. తనకింకా తగ్గలేదని, అందుకే పనికి వెళ్ళేరోజు పొద్దున అరటిపండు తప్ప ఏమీ తిననని చెప్పారాయన. మొన్న శనివారం ఆమె కూడా అరటిపండే తిని వెళ్ళింది.