ఒకరికి ఆకలి, ఒకరికి వికారం

తమ సైకిల్ షాపు పైన ఉన్న ఇరుకింట్లో అన్నదమ్ములిద్దరూ భార్యలతో కాపురం ఉంటున్నారు. పెద్దకోడలు బట్టలు కుడుతుంది. చిన్నకోడలు ఈమధ్యే ఆడపిల్లను కన్నది. పిల్లను అందరూ బుడిగి అంటారు. బుడిగి ఇంకా మెడ నిలపకముందే పెద్దకోడలు నెల తప్పింది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు వచ్చిన కడుపు. ఇల్లంతా సంబరపడింది.

ఆ సంబరం వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. పోపు చిటపటమంటే చాలు, పెద్దకోడలు మిషను వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తేది. అన్నం ఉడికే వాసనకూ అదే తంతు. చిన్నకోడలిది వేరే అవస్థ. పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టగానే కడుపులో ఎలుకలు పరుగెత్తేవి.

అక్కకు ఇబ్బందని ఆమె వంట తగ్గించేసింది. పొద్దున్నే కాస్త అన్నం వండి కిటికీలన్నీ తెరిచేది. మిగతా రోజంతా మెట్ల మీద కూర్చుని రొట్టెముక్కలు నమిలేది. "తిన్నావా?" అని మొగుడు అడిగితే "ఎప్పుడో!" అనేది.

ఒక మధ్యాహ్నం పిల్లనెత్తుకుని మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని చతికిలబడింది. బుడిగి ఏడుపు విని పెద్దకోడలు వచ్చింది.

"ఏమైందే? ఆ చేతిలో ఏంటది?"

"రొట్టె."

"వట్టి రొట్టా? పొద్దున్నుంచి ఇంకేం తిన్నావ్?"

చిన్నకోడలు రొట్టెముక్కను కొంగు చాటున దాచుకుంది.

"నా వల్లేనా?"

"ఎన్నాళ్లకో నీ కడుపు పండిందక్కా. కొన్నాళ్లు నేను నోరు కట్టుకుంటే ఏం పోతుంది?"

"నువ్వు కట్టుకుంటే సరిపోతుందా? నీ మీదే ఆధారపడ్డ నోరు ఇంకోటి ఉంది కదే!" అంటూ పెద్దకోడలు బుడిగిని ఎత్తుకుంది.

తోడికోడలిని మంచం మీద కూర్చోబెట్టి, ముక్కుకు తువ్వాలు బిగించి వంటింట్లోకి వెళ్లింది. గుడ్లు ఉడకబెట్టింది, పప్పు వండింది. మధ్యలో వాంతికని బయటికి పరుగెత్తి, మొహం కడుక్కుని మళ్లీ వచ్చింది.

"అచ్చం దొంగలా ఉన్నావక్కా!"

"నోర్మూసుకుని తిను. కాదు, నోరు తెరిచి తిను!"

చిన్నకోడలు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం పెద్దకోడలు షాపులోకి కేకేసి అన్నదమ్ములిద్దరినీ పైకి రప్పించింది. పొయ్యి మేడ మీద రేకుల కిందికి మార్చమంది.

"వాన జల్లు కొడితే ఎలా వదినా?" మరిది నసిగాడు.

"గొడుగు పట్టు. నీ కూతురికి పాలిచ్చే మనిషి తినడానికి ఆమాత్రం చెయ్యలేవా?"

అతను నోరెత్తకుండా పొయ్యి మోశాడు. మర్నాటి నుంచి వంట మేడ మీదే. చిన్నకోడలు పప్పు, ఆకుకూర, గుడ్డు కలుపుకుని వేళకు తినసాగింది. పాలివ్వడానికి కూర్చుంటే పక్కన నీళ్లచెంబు పెట్టే పని మొగుడు తీసుకున్నాడు. ఆమె బుగ్గలు తేరుకున్నాయి. పెద్దకోడలు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వాసన రాని వైపు దూరంగా కుర్చీ వేసుకుని బుడిగిని ఆడించేది.

ఒకరోజు చిన్నకోడలు వేళ్లు నాకుతూ తింటుంటే, పెద్దకోడలు చాలాసేపు చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అంత బాగుందా? ఒక ముద్ద ఇటు పెట్టు."

చిన్నకోడలు చల్లారిన పప్పన్నం చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టింది. పెద్దకోడలు కళ్లు మూసుకుని నమిలింది. మింగింది. ఊపిరి బిగబట్టి ఇద్దరూ ఎదురుచూశారు. ఏమీ కాలేదు.

"ఇంకోటి పెట్టవే," అంది పెద్దకోడలు.