హెర్బ్ నిలబడ్డ చోటు

నా మోకాలు పోయింది గుడి కింది హాల్లో, చేతిలో క్యాబేజీ సలాడ్ పళ్ళెంతో వెనక్కి నడుస్తుండగా.

వెనక్కి ఎందుకు నడిచావని మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. అది ఈస్టరుకి ముందు మాంసం మానే తపస్కాలంలో మూడో శుక్రవారం. ప్రతి శుక్రవారంలాగే మా చర్చి విచారణవాళ్ళమంతా చేపలు వేయించి ఊరందరికీ వడ్డిస్తున్నాం. బంగాళాదుంపల పళ్ళెంతో ఎదురొస్తున్న గ్వెన్ షెఫ్లర్ ఊరికే ఉండలేక "ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది!" అంది. ఆ నాలుగంకెలూ చెవిన పడితే మా కవాతు వాయిద్యాల దళంలో ఎవరి కాళ్ళూ వాళ్ళ మాట వినవు. నేను మునివేళ్ళ మీద లేచి, అడుగుకి ఇరవై రెండున్నర అంగుళాల చొప్పున వెనక్కి నడక మొదలుపెట్టాను. ఏడో అడుగులో చంటిపిల్లల కుర్చీ ఒకటి అడ్డొచ్చింది. సలాడ్ వెళ్ళి గుడిపాటల టీచరమ్మ ఒళ్ళో పడింది. నేను మోకాలి మీద పడ్డాను.

"ఎనిమిది దాకా రాలేదు, ఎల్మర్," అంది గ్వెన్ నన్ను లేపుతూ. "ఏడుకే ఆపేశావ్."

మా దళం పేరు హెరాన్స్, అంటే కొంగలు. బాకాలు, డ్రమ్ములు, జెండాలు కలిపి నూటపదిమందిమి. శీతాకాలమంతా నెలకోసారి శిబిరం పెట్టి, రాత్రి బడి జిమ్ నేల మీద పడుకుని, పగలు సాధన చేస్తాం. వేసవిలో ఊరూరా ఫుట్‌బాల్ మైదానాల్లో పదకొండు నిమిషాలపాటు వాయిస్తూ, నడుస్తూ, నేల మీద రకరకాల ఆకారాలు కట్టి, పోటీల్లో మార్కులు వేయించుకుని వస్తాం. నేను మోసేది కాంట్రా, భుజం మీద పెట్టుకుని ఊదే పెద్ద బాకా. రెండేళ్ళ పిల్లాడంత బరువుంటుంది, కాకపోతే వాడికంటే మాట వింటుంది. ముప్ఫై ఒక్క వేసవులు మోశాను. ఒక్కటీ తప్పలేదు.

డాక్టరు మోకాలు కోసి, కుట్టి, మే నెలాఖరు దాకా కవాతు మాటే ఎత్తొద్దన్నాడు. మాకు నడక నేర్పే మార్సీ మర్నాడే చేపల కాసరోల్ వంటకం పట్టుకుని ఇంటికొచ్చింది. మార్సీకి నా కూతురి వయసు. మైదానం పక్కన ఎత్తైన మంచె ఎక్కి మైకులో అరుస్తుంది. మంచె దిగితే చాలా మెత్తటి మనిషి. ఆ రోజు దిగే ఉంది.

"నీ చోటు ఖాళీగా ఉంచుతాను," అంది. "మే చివరి శిబిరంలో మొత్తం పదకొండు నిమిషాలూ వరుస చెడకుండా నడిచావా, ఈ వేసవికి ఉన్నట్టే. లేదంటే వరుస మూసేస్తాను."

"మూసేస్తే?"

"మీ వరుసలో పన్నెండుమంది పదకొండుమంది అవుతారు. అందరూ కాస్త కాస్త జరుగుతారు. చూసేవాళ్ళకి తేడా కూడా తెలియదులే."

నన్ను ఓదార్చడానికే అంది పాపం. ఆపరేషన్ కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మాలో ప్రతివాళ్ళ మెడలోనూ దారానికి కట్టిన చిన్న పుస్తకం ఉంటుంది. ఏ అంకెకి మైదానంలో ఎక్కడ నిలబడాలో అందులో రాసి ఉంటుంది. ఈ ఏడాది నాకు ఎనభైనాలుగు చోట్లు. మంచం మీద ఆరు వారాలు వేరే పనేముంది? అవన్నీ బట్టీపట్టాను. దుప్పటి మీద గళ్ళు మైదానం గీతలనుకుని రెండు వేళ్ళతో నడిచేవాణ్ణి. రాత్రి జపమాల చెప్పుకునేటప్పుడు కూడా అవే నోట్లోకి వచ్చేవి.

"ఎల్మర్," అంది మా ఆవిడ బెర్నడీన్ ఒక రాత్రి, "'నలభై గజాల గీతకి రెండడుగులు లోపల' అన్నది నాకు తెలిసినంతవరకు ఏ జపంలోనూ లేదు."

ఏప్రిల్ శిబిరానికి చేతికర్రతో వెళ్ళాను. మడతకుర్చీ వేసి కూర్చోబెట్టి నీళ్ళ డబ్బాల కాపలా అప్పగించారు. వెళ్ళేదాకా నాకెవరూ చెప్పలేదు. నా చోట్లో చెత్తడబ్బా ఉంది.

మామూలు ఆకుపచ్చ డబ్బా. కింద రెండు చక్రాలు, నెత్తిన నా టోపీ, దానికి తెల్ల ఈక. పక్కనే నడిచే గ్వెన్ ఒక తాడు కొస డబ్బాకి, ఇంకో కొస తన నడుము బెల్టుకి కట్టుకుంది. ఆవిడ ఎటు నడిస్తే అది గడగడమంటూ అటు వెళుతోంది.

"ఖాళీ వదిలితే అటువైపు వాళ్ళంతా నెమ్మదిగా నీ చోట్లోకి జారుకుంటున్నారు," అంది గ్వెన్ విరామంలో. "అందుకని హెర్బ్‌ని పెట్టాం."

"హెర్బా?"

"పేరు లేకుండా ఎలా పిలుస్తాం? చాలా బుద్ధిమంతుడు. వంపు తిరిగేటప్పుడు మూలగడు. ఆలస్యంగా రాడు. నువ్వు ఊదే ముందు గొంతు సవరించుకుంటావే, అది కూడా లేదు."

"ఊదడు కూడా కదా."

"తప్పు కూడా ఊదడు."

మధ్యాహ్నం ఎండ ముదిరాక ఎవరో హెర్బ్ మూతకి ఎండక్రీము రాశారు. ఇంకెవరో నీళ్ళిచ్చారు. నా కాపలాలో ఉన్న నీళ్ళు! అతనికి అవతల నడిచే రస్సెల్ టెస్కీ, ఇరవయ్యేళ్ళుగా నా పక్కన నిలబడ్డ మనిషి, భోజనానికి వెళుతూ ఆ డబ్బాని భుజం మీద తట్టి "బాగా చేశావోయ్" అన్నాడు. డబ్బాకి భుజం ఎక్కడో నాకు తెలియదు, రస్సెల్‌కి దొరికింది. మంచె మీంచి మార్సీ మైకులో "మూడో వరుస చూడండి! హెర్బ్‌లా నిలబడండి!" అన్నప్పుడు మాత్రం కుర్చీలో వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాను.

ఆ శనివారం ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను.

"ఫాదర్, నాకు ఒకరి మీద అసూయగా ఉంది."

"ఎవరి మీద?" అన్నారు జాలీ తెర అవతలి నుంచి ఫాదర్ డెనిస్.

"హెర్బ్ మీద."

"హెర్బ్ క్లాట్ పోయి రెండేళ్ళయింది కదయ్యా. ఇంకా అసూయేమిటి?"

"ఆయన కాదు ఫాదర్. ఈయన చెత్తడబ్బా."

జాలీ వెనక దగ్గు లాంటిదేదో వినిపించింది.

"పది ఆజ్ఞల్లో పొరుగువాడి ఎద్దును ఆశించకూడదని ఉంది, గాడిదను ఆశించకూడదని ఉంది," అన్నారు చివరికి. "డబ్బా సంగతి నేను చదువుకోలేదు. సరే, అసలు నీకేం కావాలి?"

"నా చోటు నాకు కావాలి. మోకాలు బాగుచెయ్యమని ప్రార్థించడం తప్పు కాదు కదా?"

"కాదు."

"నా చోట్లో నన్ను నిలబెట్టమని?"

"అది నీదని ఎక్కడుంది?"

"కాగితంలో ఉంది ఫాదర్. ఎనభైనాలుగు చోట్లూ ఉన్నాయి."

"దేవుడి దగ్గర ఆ కాగితం ఉందో లేదో నాకు తెలియదు," అన్నారాయన. "మరియమ్మకి మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. వీలైతే ఆ హెర్బ్‌ని ఒకసారి కడుగు."

కడిగాను. లోపల నారింజ తొక్కలు కుళ్ళి ఉన్నాయి. జపాలు సులువుగానే అయ్యాయి.

మే చివరి ఆదివారం. పూజ అవగానే మైదానానికి వెళ్ళాను. మొదటి పోటీ పై శనివారమే, అందుకని ఇంటివాళ్ళంతా మడతకుర్చీలు తెచ్చుకుని చూడటానికి వచ్చారు. బెర్నడీన్ ముందు వరుసలో కూర్చుంది. డాక్టరు సరేనన్నాడు, మోకాలికి పట్టీ ఉంది, భుజాన కాంట్రా ఉంది. గ్వెన్ తాడు విప్పి హెర్బ్‌ని తీసుకెళ్ళి నీళ్ళ డబ్బాల పక్కన నిలబెట్టింది. కొందరు చెయ్యూపారు.

"కొంగ అన్నాక ఒంటికాలి మీదైనా నిలబడుతుందిలే," అన్నాడు రస్సెల్. "భయపడకు."

మొదలుపెట్టాం. నా కాళ్ళకి అన్నీ గుర్తున్నాయి. ఒకటో చోటు, రెండో చోటు, మూడో చోటు, దుప్పటి మీద నడిచినట్టే. నాలుగో చోటికి వచ్చి ఆగామో లేదో మంచె మీంచి అరుపు.

"ఆపండి! ఎల్మర్! రస్సెల్‌ని గుద్దేసేలా ఉన్నావ్. ఎడంగా జరుగు!"

"నేను నా చోట్లోనే ఉన్నాను!"

"మళ్ళీ మొదటినుంచి!"

మళ్ళీ మొదలుపెట్టాం. నాలుగో చోట్లో గ్వెన్‌కీ నాకూ మధ్య ఉండాల్సిన నాలుగడుగులూ ఉన్నాయి. నాకూ రస్సెల్‌కీ మధ్య మాత్రం రెండే. అతని మోచెయ్యి నా డొక్కలో ఉంది.

"ఎల్మర్!"

"పుస్తకం ప్రకారమే ఉన్నాను, మార్సీ! కొలుచుకో!"

ముప్ఫై ఒక్క ఏళ్ళలో మంచె మీదికి ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. మార్సీ దిగింది. కొలత టేపు తెచ్చింది. గీత దగ్గరనుంచి నా బూటు దాకా కొలిచింది, పుస్తకంలో చూసింది, మళ్ళీ కొలిచింది. తర్వాత రస్సెల్‌ని కొలిచింది. అతని అవతల నలుగురినీ కొలిచింది.

"ఎల్మర్ సరిగ్గానే ఉన్నాడు," అంది నెమ్మదిగా. "అంగుళం కూడా తేడా లేదు. మీరు ఐదుగురూ రెండేసి అడుగులు లోపలికి ఉన్నారు."

"మేం హెర్బ్‌ని చూసి నిలబడ్డాం," అన్నాడు రస్సెల్.

అందరూ హెర్బ్ వైపు చూశారు. తర్వాత గ్వెన్ వైపు చూశారు.

"మా గరాజ్‌లో ఉన్న బట్టల తాడు అంతే పొడుగు," అంది గ్వెన్. "నాలుగడుగులు రాలేదు, రెండే వచ్చింది. మీరెవరైనా చెప్తారేమో అనుకున్నా."

గర్వపడకూడదని తెలుసు. కాసేపు పడ్డాను. బెర్నడీన్ వైపు చూశాను కూడా. ఆవిడ ఊలు అల్లుకుంటోంది.

"సరే, ఐదుగురూ రెండడుగులు బయటికి జరగండి," అంది మార్సీ మంచె ఎక్కుతూ.

ఈసారి నాలుగో చోట్లో వరుస దారం పట్టినట్టు వచ్చింది. ఐదో చోట్లో పెద్ద డ్రమ్ములవాళ్ళు మా వరుస మధ్యలోంచి దూరి వెళ్ళాలి. వాళ్ళకి తమ డ్రమ్ము తప్ప ముందు ఇంకేమీ కనపడదు, లెక్క మీదే వస్తారు. హెర్బ్ ఉన్నప్పటి లెక్క మీదే వచ్చారు. ఖాళీ ఉండాల్సిన చోట రస్సెల్ ఉన్నాడు. మొదటి డ్రమ్ము అతన్ని ఎత్తుకుని నాలుగడుగులు తీసుకుపోయింది. వెనకున్న నాలుగు డ్రమ్ములూ ఒకదానికొకటి గుద్దుకుని ఢాంఢాంమన్నాయి. ఇంటివాళ్ళు అది ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

రస్సెల్ లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. "హెర్బ్ ఉన్నప్పుడు ఇలా జరగలేదు," అన్నాడు.

మార్సీ చేతి గడియారం చూసుకుంది. ఐదింటికి పిల్లల సాకర్ ఆటకి మైదానం అప్పగించాలి. పిల్లలు అప్పుడే కంచె దగ్గర బంతులు తన్నుకుంటున్నారు.

"ఒక్కసారికే టైముంది," అంది మైకు పక్కన పెట్టి, మామూలు గొంతుతో. "అవతలి ఐదుగుర్నీ జరిపితే డ్రమ్ముల దారి మార్చాలి, దాని వెనక జెండాలు మార్చాలి. ఇవాళ అయ్యే పని కాదు. నీది తప్పని నేను అనను, ఎల్మర్. నువ్వే చెప్పు."

ఇంకేం చెప్పాలి? నా చోటు నాదే. టేపు కూడా అదే చెప్పింది. అక్కడే నిలబడితే నేను సరి, వరుస చెడుతుంది, మూసేస్తారు. రెండడుగులు జరిగితే వరుస సరి, ఎనభైనాలుగు చోట్లలోనూ నేను తప్పు. ఆరు వారాలు మంచం మీద నేర్చుకున్నదంతా నీళ్ళపాలైనట్టే.

పూజలో నేను పుస్తకం చూసే చదువుతాను. ఫాదర్ ఎప్పుడైనా ఒక వాక్యం దాటేస్తే దాన్ని వదలను. గుడంతా ముందుకెళ్ళిపోయినా నేనొక్కణ్ణే పైకి చదివి పూర్తిచేస్తాను. బెర్నడీన్ మోచేత్తో పొడుస్తుంది. ఇన్నేళ్ళూ అది భక్తే అనుకున్నాను. ఎండలో కాంట్రా మోస్తూ నిలబడ్డప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. నేను చదివి పూర్తిచేసేది దేవుడి కోసమా, పక్కవాళ్ళు వినడం కోసమా? ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

మెడలోంచి పుస్తకం తీసి జేబులో పెట్టుకున్నాను.

"గ్వెన్, నీ మోచేతికి రెండడుగుల్లో ఉంటా. నువ్వెటు పోతే అటే. దారి తప్పించకు."

"హెర్బ్ ఏనాడూ ఈ మాట అనలేదు," అంది గ్వెన్.

మొదలుపెట్టాం. కళ్ళ చివర గ్వెన్ మోచెయ్యి తప్ప ఇంకేదీ చూడలేదు. రెండో చోట్లో కాళ్ళు వాటి పాత చోటికి లాగాయి. గ్వెన్ ఊదుతున్న బాకా పక్కనుంచే "ఇటు, ఇటు" అని గొణిగింది. ఐదో చోట్లో పెద్ద డ్రమ్ములు నా పక్కనుంచి, ఖాళీలోంచి, ఎవర్నీ ఎత్తుకోకుండా వెళ్ళిపోయాయి. ఎనిమిదో నిమిషంలో మోకాలు మూలిగింది. ఇంకో మూడు నిమిషాలు ఓర్చుకోమని దాన్ని అడిగాను, పైవాణ్ణి కూడా అడిగాను, ఎవరు విన్నారో గానీ ఓర్చుకుంది. చివరి స్వరం ఊది ఆగేసరికి ఊపిరి నా దగ్గర లేదు.

మంచె మీంచి మార్సీ వరుసని ఈ కొసనుంచి ఆ కొస దాకా చూసింది. ఎవరూ కదలలేదు.

"ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉండండి," అంది మార్సీ మైకులో. "ఎల్మర్‌తో సహా అవతలి ఆరుగురూ పుస్తకాలు తీయండి. కాళ్ళెక్కడున్నాయో రాసుకోండి. పాతవి కొట్టేయండి."

"అంటే నేను ఉన్నట్టేనా?" అని అరిచాను.

"లేనివాణ్ణి రాసుకోమంటానా? పెన్సిల్ ఉందా?"

లేదు. బెర్నడీన్ అల్లిక పక్కన పెట్టి, గడ్డి మీద నడుచుకుంటూ వచ్చి, సంచిలోంచి వెతికి ఒక పెన్సిల్ ముక్క ఇచ్చింది. ఈలోగా ఐదయింది. పసుపు చొక్కాల పిల్లలు కంచె తలుపు తీసుకుని లోపలికి దూసుకొచ్చారు. బంతి ఒకటి రస్సెల్ కాళ్ళ మధ్యనుంచి దొర్లింది. అతను కదలకుండా రాసుకుంటూనే ఉన్నాడు.

పిల్లల కోచ్ వచ్చి నా ముందు నిలబడ్డాడు. "పెద్దాయనా, మీది అయిపోయినట్టేనా?"

నేను నిలబడ్డ ఎనభైనాలుగో చోటు కొట్టేసి పక్కన కొత్తది రాశాను. మోకాలు తడుముకున్నాను.

"ఒకటి అయింది బాబూ," అన్నాను. "ఇంకా ఎనభైమూడు ఉన్నాయి."