జానెడు ఎత్తున మంచం

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అంటారు. ఆ లెక్కన ఆయన భార్య లిఫ్టావిడ అయింది. పాపం, ఆవిడ పుట్టి బుద్ధెరిగాక లిఫ్టెక్కిన పాపాన పోలేదు. వాళ్ళున్నది ఒకప్పటి గోడౌను. వీధిగుమ్మానికి తలుపుండాల్సిన చోట పెద్ద ఇనప షట్టరు ఉంటుంది.

ఆ ఇంట్లో లిఫ్టావిడకి ఎన్నేళ్ళయినా అంతుబట్టని సంగతి ఒకటుంది. వెనకగదిలోని పాత సామానంతా నేలకి జానెడు ఎత్తున గాల్లో వేలాడుతూ ఉంటుంది. బొమ్మ రాని బానపొట్ట టీవీ, చక్రం తిరగని కుట్టుమిషను, ఏ తాళానికీ పట్టని తాళంచెవులతో నిండిన ఇనప్పెట్టె, అన్నిటికీ తాళ్ళు. ఆ తాళ్ళు గోడలకి చిల్లులు పెట్టుకుని ఎటో వెళ్ళిపోతాయి. చెమ్మ తగలకుండా మొగుడి జాగ్రత్త కాబోలనుకుంది ఆవిడ. ఎలాగూ పాడైపోయిన వాటికి చెమ్మ తగిలితే ఏం, తగలకపోతే ఏం అని మాత్రం అడగలేదు. కాపురం అన్నాక కొన్ని అడక్కుండా వదిలేయాలి.

కానీ ఆవేళ వదిలేయడానికి వీల్లేకపోయింది. సాయంత్రానికి చెల్లెలు వస్తోంది.

చెల్లెలు ఎక్కడో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసేది. హాస్టలు మూతపడింది, దాంతోపాటే ఉద్యోగమూ, తలదాచుకునే గదీ పోయాయి. అక్క తప్ప ఆమెకి ఎవరూ లేరు, అయితే ఆ మాట ఆమె ముందు అంటే మూతి ముడుచుకుంటుంది. క్రితంసారి వచ్చినప్పుడు ఆమెకి పడుకోవడానికి ఇంట్లో చోటే లేకపోయింది. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని ముడుచుకుని పడుకుంది. పొద్దున్నే దుప్పటి మడతపెట్టి, "మీకు అడ్డం ఎందుకులే అక్కా" అని వెళ్ళిపోయింది. ఆ మడతపెట్టిన దుప్పటి లిఫ్టావిడ ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు కూడా ఫోనులో, "ఒక్కరోజే అక్కా. వేరే ఊళ్ళో ఎవరిదో గదిలో ఒక మంచం అద్దెకి దొరికింది" అంది.

ఎవరిదో గదిలో, ఎవరిదో మంచం. సొంత అక్క బతికుండగా! చెల్లెలు నోటితో ఉండమంటే ఉండే మనిషి కాదు. గది చూపించి ఉండమనాలి.

"వెనకగది ఖాళీ చేస్తున్నా" అంది పొద్దున్నే, మొగుడు బూట్లు వేసుకుంటుంటే.

"చెయ్యి. తాళ్ళు మాత్రం ముట్టుకోకు."

"తాళ్ళు ముట్టుకోకుండా సామాను ఎలా తీస్తారండీ?"

"అందుకేగా ఇన్నాళ్ళూ నేను తియ్యలేదు" అని ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. లిఫ్టాయనది అదో ధోరణి. చెప్పాల్సింది సగం చెప్పి, మిగతా సగం పనిముట్ల సంచిలో పెట్టుకుని పోతాడు.

ఆయన అలా వెళ్ళగానే ఈవిడ పాతసామాన్లాయన్ని పిలిచింది. ఆయన తన తోపుడుబండి కంటే వెడల్పుగా ఉంటాడు. గదిలోకి వచ్చి, వేలాడుతున్న సామానంతా చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఏందమ్మా ఇది, ఉరేసినట్టు వేలాడదీశారు?"

"మా ఆయన జాగ్రత్తలే. ముందు ఆ టీవీ కొయ్యి."

టీవీ తాడు కోశాడు. అదే క్షణంలో వీధిమీదికున్న పై బాల్కనీలో బట్టలారేసే గొట్టాలు నాలుగూ కలిసి దబ్బున దిగాయి. తడిదుప్పటి ఒకటి వీధిలోకి జారి, పోస్టుమాన్‌ని సైకిలుతో సహా కప్పేసింది. ఆయన లోపలినుంచే రెండిళ్ళ దాకా తొక్కుకుంటూ పోయాడు.

"గాలెక్కువగా ఉంది" అంది లిఫ్టావిడ. ఆకు కదిలితే ఒట్టు.

కుట్టుమిషను తాడు కోశాడు. వంటింటి కిటికీ రెక్క టపీమని పడింది. గట్టుమీద కునుకు తీస్తున్న పిల్లి మళ్ళీ ఆ వారంలో ఇటు తొంగిచూడలేదు.

పాతసామాన్లాయనకి విషయం కొద్దికొద్దిగా అర్థమవుతోంది. అర్థమయ్యేకొద్దీ హుషారు పెరుగుతోంది. "ఈ పెట్టె కోస్తే ఏం పడుతుందో చూద్దామా అమ్మా?" అన్నాడు, చేతిలో కత్తి ఆడిస్తూ.

"ఏదీ పడదు. కొయ్యి. సాయంత్రానికి ఇక్కడ మంచం పడాలి."

పెట్టె పడింది. దాని వెనకే వీధిగుమ్మానికి షట్టరు ఢామ్మని పడింది. ఇల్లంతా చీకటైపోయింది. షట్టరుకి అటు తోపుడుబండి, ఇటు దాని యజమాని. లిఫ్టావిడా ఆయనా కలిసి ఎత్తారు, అరిచారు, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. అది బెత్తెడు కూడా లేవలేదు. చెల్లెలొచ్చేసరికి గది కాదు కదా, గుమ్మమే లేకుండా పోయింది.

ఇక లాభం లేదని సాయంత్రానికి ఫోను చేస్తే లిఫ్టాయన పరుగున వచ్చాడు. ఆయనా, చేతిసంచితో చెల్లెలూ షట్టరు అవతల ఒకేసారి తేలారు.

"ఏ తాడు కోశావే?" అన్నాడు బయటినుంచి.

"అన్నీ కోశాను!"

లిఫ్టాయన షట్టరుకి దగ్గరగా జరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "లిఫ్టు పైకి లేవాలంటే అవతల దానికి సరిపడా ఏదో ఒకటి వేలాడాలి. మనింట్లోనూ అంతే. ఈ షట్టరు స్ప్రింగు సగం చచ్చిపోయింది. నువ్వు ఒక్క వేలితో ఎత్తాలని పుల్లీలు పెట్టి ఆ పెట్టె కట్టాను. షట్టరు నిలువెత్తు లేచినా అది జానెడే కదులుతుంది."

లిఫ్టావిడ తన వేలు తడుముకుంది. ఇన్నేళ్ళూ నిజంగానే ఒక్క వేలితో ఎత్తింది. తనకి బలముందనుకుంది.

"అక్కా" అంది చెల్లెలు అవతలినుంచి, ఆ పాత గొంతుతో. "మళ్ళీ అడ్డం వచ్చినట్టున్నాను. ఇప్పుడే ఇంకో బస్సుందిట, వెళ్ళిపోతానులే."

"కాలు కదిపావంటే చంపేస్తా!" అని అరిచింది లిఫ్టావిడ. ఏడుపు తన్నుకొచ్చింది, కానీ పాతసామాన్లాయన ముందు ఏడవడానికి మనసొప్పలేదు.

"ఆ పెట్టె మళ్ళీ కట్టెయ్యవే" అన్నాడు లిఫ్టాయన.

"కట్టను. పెట్టె కడితే మంచం పట్టదు. మంచమే కడతాను!"

అన్నంత పనీ చేసింది. చెల్లెలి కోసమని ముందుగదిలో నిలబెట్టి ఉంచిన మంచం లాక్కొచ్చి నాలుగు కోళ్ళకీ తాళ్ళు వేసి, పెట్టె కొక్కేనికి తగిలించింది. ఉత్త మంచానికి షట్టరు ఉలకలేదు, పలకలేదు. "నువ్వెక్కు" అంది పాతసామాన్లాయనతో. ఆయన బెదురుతూనే ఎక్కి కూర్చున్నాడు. షట్టరు తుపాకీ పేలినట్టు పైకెగిరిపోయింది. వీధిలో చెల్లెలు సంచి గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది.

ఆమెని లోపలికి లాగారు. ఇప్పుడు పాతసామాన్లాయన పోవాలి. ఆయన దిగితే షట్టరు పడిపోతుంది, దిగకపోతే ఆయనే ఈ ఇంటి మనిషైపోతాడు. లిఫ్టాయన మరదల్ని ఎగాదిగా చూశాడు. లిఫ్టెక్కేవాళ్ళని చూసి చూసి, ఏ మనిషి ఎంత తూగుతారో కంటితోనే కొలిచే అలవాటు ఆయనకి. "అమ్మాయీ, ఒక్క క్షణం నువ్వు కూర్చో" అన్నాడు.

చెల్లెలు కూర్చుంది. పాతసామాన్లాయన దిగాడు. షట్టరు ఎక్కడిదక్కడే నిలబడింది. లిఫ్టావిడ ఒక వేలితో దించింది, ఒక వేలితో ఎత్తింది. వెన్నలా కదిలింది. లిఫ్టాయన మొహం వెలిగిపోయింది. పనిలో ఇంత సరైన తూకం ఆయనకి జన్మలో తగల్లేదు. పాతసామాన్లాయన టీవీ, మిషను, పెట్టె బండిమీద వేసుకుని, ఆ వీధివైపు మళ్ళీ చూడకుండా చక్కా పోయాడు.

మర్నాడు పొద్దున్న చెల్లెలు దుప్పటి మడతపెట్టింది. ఆ మడత చూడగానే లిఫ్టావిడ చేతిలో పని వదిలేసి వచ్చింది. చెల్లెలు సంచి తీసుకుని మంచం దిగింది. అప్పటిదాకా తెరిచున్న షట్టరు ఢామ్మని పడింది.

"అక్కా, నువ్వొకసారి కూర్చో. నేను వెళ్ళిపోతాను."

లిఫ్టావిడ కూర్చుంది. ఆవిడ బక్కప్రాణి, మొగుడూ అంతే. షట్టరు మోకాలెత్తు లేచి ఆగిపోయింది. చెల్లెలు వంగి చూసింది. తల పడుతోంది, సంచి పడుతోంది, మనిషి మాత్రం పట్టడం లేదు. ఈ ఇంట్లోంచి ఆమె తప్ప ఎవరైనా బయటికి పోవచ్చు. ఆమె పోవాలంటే ఆమే మంచంమీద కూర్చోవాలి.

చెల్లెలు నడుం నిలబెట్టి బావవైపు తిరిగింది. "బావా, దీనికి ఒక ఇసకబస్తా కట్టేస్తే సరిపోదూ?"

సరిపోతుంది. ఇసకబస్తాలు పెరట్లోనే ఉన్నాయి. అయిదు నిమిషాల పని. లిఫ్టాయన కళ్ళు మెరిశాయి, చెయ్యి దానంతటదే పనిముట్ల సంచిలోకి పోయింది. అప్పుడు చూశాడు భార్యని. జానెడు ఎత్తున మంచంమీద, కాళ్ళు నేలకి అందక ఊగుతుంటే, రెండు చేతులా తాళ్ళు ఉడుంపట్టు పట్టి తనవైపే చూస్తోంది. ఆయన పెట్టిన చాదస్తాలన్నీ నోరెత్తకుండా భరించిన మనిషి. ఇన్నేళ్ళలో ఏదీ కావాలని అడగలేదు.

చెయ్యి సంచిలోంచి ఖాళీగా వచ్చింది.

"కుదరదమ్మాయీ" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ అనని మాట అన్నాడు. "ఇది నా వల్ల కాదు."

ఆ మాటకి ఆయన చెవులు ఎర్రబడిపోయాయి. చెల్లెలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. హాస్టల్లో ఇన్నాళ్ళూ ఆమె చేసిందే అబద్ధాలు పట్టుకునే పని. ఇంత చేతకాని అబద్ధం చిన్నపిల్లలు కూడా ఆడలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లే అక్కా" అంది. సంచి మంచం కిందకి తోసి, ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీధి షట్టరు చప్పుడు లేకుండా పైదాకా లేచింది.

"వెళ్ళు బావా, నీకు ఆలస్యమవుతోంది" అంది కళ్ళు తుడుచుకుంటూ. "సాయంత్రం ఎన్నింటికొస్తావో చెప్పి వెళ్ళు. అప్పటికి నేను కూర్చుని ఉండాలి కదా."