ఆరని కోటు

నిచ్చెన మీంచి పడి ప్లీహం పోగొట్టుకున్న పెయింటరు మళ్లీ నిచ్చెనే ఎక్కుతున్నాడంటే గుండె ధైర్యం అనుకునేరు. వేరే పని రాదు, అంతే. ప్లీహం తీసేశాక రక్తంలో చేరే కొన్ని క్రిములను పట్టుకునే దిక్కు తగ్గిపోతుందని, అందుకే టీకాలు తప్పవని డాక్టరమ్మ చెప్పింది. నిన్ననే ఇంకొకటి వేయించుకున్నాడు. ఇవాళ ఒళ్లు కాలిపోతోంది, చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. టీకా వేసిన నర్సు, జ్వరం రావచ్చు, కంగారు పడొద్దంది. డాక్టరమ్మేమో, ఏ జ్వరమొచ్చినా, ముందే ఇచ్చి దగ్గరుంచుకోమన్న క్రిముల మాత్ర వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తుకు రమ్మంది. వచ్చింది కంగారు పడాల్సిన జ్వరమా, పడకూడనిదా? ఆ సంగతి జ్వరం మొహాన రాసి ఉండదు కదా. పెయింటరు మాత్ర గుప్పిట్లో పట్టుకుని మంచం మీద అలాగే కూర్చున్నాడు.

“వేసుకోరేం?” అంది భార్య.

“నిన్నటి మందు ఇంకా ఆరలేదే. తడి రంగు కోటు మీద థిన్నరు పడితే మొత్తం లేచొచ్చేస్తుంది. ఇప్పుడీ మాత్ర మింగితే టీకా కొట్టుకుపోదూ?”

ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

“మీరు గోడ కాదు, మనిషి. ముందు మింగండి, దార్లో ఆలోచిద్దురు గాని.”

మింగాడు. దారి పొడుగునా ఆలోచించాడు కూడా, ఏమీ తేలలేదు.

డాక్టరమ్మ రక్తం తీయించి, పరీక్ష ఫలితం కోసం చూడకుండానే నరంలోకి మందు ఎక్కించింది. మాత్ర వల్ల ఆ టీకాకు ఏమీ కాదంది.

“ఇది టీకా జ్వరమో కాదో చూడగానే నాకూ తెలీదు. తెలిసేదాకా ఆగితే మనిషి దక్కకపోవచ్చు.”

తర్వాత ఫలితం వచ్చింది. రక్తంలో క్రిమి ఉంది. వేయించుకున్న టీకాల్లో లేని రకం.

“మరి అన్ని సూదులు ఎందుకు పొడిపించుకున్నట్టమ్మా?” అన్నాడు పెయింటరు నీరసంగా.

“అవి ఆపే రకాలు చాలానే ఉన్నాయి. అన్నిటినీ ఆపలేవు. అందుకే టీకాలూ కావాలి, మాత్రా కావాలి.”

పెయింటరు వార్డు గోడకేసి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది. ఇంటికి పంపేరోజున ఇచ్చిన కొత్త మాత్రల అట్టను మాత్రం జేబులో పెట్టుకోలేదు, భార్య చేతికిచ్చాడు.

“నీ దగ్గరే ఉంచు. ఈసారి నేను ఆలోచిస్తూ కనబడితే నోట్లో వేసేయ్.”