నెమ్మదిగా దిగే రేకులు

"నాలుగు గిన్నెలు తోమడానికి ఇంతసేపా?" అంది అత్తగారు. కోడలు చేతిలోని గిన్నె కడిగి బోర్లించింది. కోపం వస్తుందేమోనని ఓ క్షణం చూసుకుంది. రాలేదు. ఈమధ్య ఏదీ రావడం లేదు. పిల్లల డబ్బాలు సర్ది, మామగారి మందులు తీసిపెట్టి, భర్త చొక్కా ఇస్త్రీ చేశాకే ఆమె గడప దాటుతుంది. అయినా ఇంట్లో ఆమెకున్న పేరు నత్త. పెట్టింది భర్తే. అందరూ నవ్వితే తనూ నవ్వేది, ఊరుకున్నంత ఉత్తమం లేదని.

ప్రయోగశాలలో ఆమె పని బురదనీళ్లతో. నీటిలో తేలాడే సన్నటి మట్టిని పొడవాటి గాజు గొట్టంలో కలియబెట్టి, అది అడుగుకు దిగే వేగాన్ని బట్టి రేణువుల సైజు లెక్కగట్టాలి. గబగబా దిగితే పెద్దది, మెల్లగా దిగితే చిన్నది. ఆ లెక్కకు ప్రతి రేణువూ గుండ్రటి గోలీయే. ఈ మట్టి నిండా ఉన్నవేమో అభ్రకం రేకులు. రేకు వెల్లకిలా పడుకుని, నీళ్లను తోసుకుంటూ తాపీగా దిగుతుంది. మైక్రోస్కోపు కింద వెడల్పుగా కనబడేది కాస్తా కాగితం మీద నలుసైపోతుంది. అది తెలిసీ ఆమె ఏళ్ల తరబడి ఆ అంకెలే రాస్తోంది. అడిగినవాళ్లు లేరు.

గొట్టం పక్కన నిలబడి ఉండగా పై అధికారి వచ్చాడు. "కొత్త మైక్రోస్కోపు విభాగం మీకే ఇద్దామనుకున్నానమ్మా. ఏం లాభం, మీకు కుదరదటగా."

"ఎవరన్నారు?"

"నిన్న సాయంత్రం ఫోన్ చేస్తే మీవారు తీశారు. మీరు వంటింట్లో ఉన్నారట. 'ఇంటిపనే తెమలదండీ, నత్తనడక. అంత పని ఆవిడ వల్ల ఏమవుతుంది' అన్నారు. సరదాకేలెండి. ఇవాళ ఇంకొకరి పేరు పంపేస్తున్నా."

నిన్న రాత్రి అన్నం వడ్డించినప్పుడు కూడా భర్త ఆ ఊసెత్తలేదు. కూరలో ఉప్పు తక్కువైందని మాత్రం అన్నాడు. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరగాలి కదా అనుకుంది. తిరగలేదు. గొట్టంలో రేకులు ఇంకా దిగుతూనే ఉన్నాయి, మిలమిలమంటూ, ఏ తొందరా లేకుండా. నత్త అని నవ్వినవాళ్లలో ఒక్కరైనా, అది ఎంత మోస్తూ నడుస్తోందో చూశారా? తనైనా చూసుకుందా?

అధికారి తలుపు దాకా వెళ్లాడు.

"పంపకండి సార్." గొంతు వణకలేదు, పెరగనూ లేదు. "మీరు ఫోన్ చేసింది నాకు. నేనింకా జవాబు చెప్పలేదు."