వేడి గంజి

పొద్దున్నే సంతోషమ్మ అన్నం గంజి వారుస్తుంటే, మొగుడు అబ్రహాం గడప దగ్గర నిలబడి తొందరపెట్టాడు. "గా గంజి లోటాల పొయ్యి, జల్ది. ఇయ్యాల ఇన్‌స్పెక్టర్ సాబ్ ముంగట పిండి పదార్థం పాఠం ఉన్నది."

"జర చల్లారనియ్యుండ్రి. వేడి మీద టింక్చర్ అయోడిన్ చుక్క ఏస్తే నీలం రంగు రాదు."

"నాకు పాఠం చెప్తవా? గంజి వార్చుడు నీ పని, సైన్సు చెప్పుడు నా పని" అని, పొగలు కక్కుతున్న లోటాకు మూత బిగించి పట్టుకుపోయాడు.

సైన్సు చెప్పడం ఆయన పనట! మంచిర్యాల బడిలో ఉర్దూ పోయి తెలుగులో పాఠాలు మొదలై రెండేళ్లయింది. అబ్రహాం చదివిందంతా ఉర్దూలోనే. ఖలియా అంటే గడగడా చెబుతాడు, అదే 'కణం' అని తెలుగులో నాలుగు ముక్కలు రాయమంటే చెమటలు పడతాయి. మిషన్ బడిలో తెలుగు చదివిన సంతోషమ్మే, ఆయన ఉర్దూలో చెబుతుంటే పాఠాల నోట్సంతా తెలుగులో రాసింది. రాసి ఊరుకుందా? ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ పలుచటి పొర ఒకటి ఒలిచి, సెలవుల్లో ఆయన ఇంటికి తెచ్చిన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. ఇటుకలు పేర్చినట్టున్న ఆ కణాల బొమ్మలు తనే గీసింది. గంజి మీద, ఆలుగడ్డ మీద, గుడ్డు తెల్లసొన మీద టింక్చర్ వేసి, ఏది నీలంగా మారిందో, ఏది మారలేదో వరసగా రాసింది. అంత లావు నోటుబుక్కు అట్ట మీద మాత్రం 'అబ్రహాం మాస్టర్' అని ఉంది. "నీ పేరెందుకు, నలుగురు నవ్వుతరు" అన్నాడాయన. సరే అంది. ఆ సరే అన్న నోటి మీద ఇప్పుడు ఒక్కటి వేసుకోవాలనిపిస్తోంది.

మధ్యాహ్నం అబ్రహాం వస్తూనే లోటాను వాకిట్లోకి విసిరికొట్టాడు. రంగు రాలేదు. పిల్లలు కిసుక్కుమన్నారట, ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడట.

"ఇంట్ల ఆడది గంజిల ఏందో కలిపిందని చెప్పిన. పొద్దుమీకి సాబ్ చాయ్‌కి వస్తుండు, నోట్సు సూస్తడట. మంచిగుంటే పక్క తాలూకా బళ్లకు గూడ పంపుతడట. అడిగితే, అవును నేనే ఆగం జేసిన అను. గంతే."

అత్త సాయవ్వ అందుకుంది. "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతది బిడ్డా? మొగోని ఇజ్జత్ కద."

సొమ్మేం పోతుందా? పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే తన తప్పే, పిల్లకు జ్వరమొచ్చినా తన తప్పే. మోసింది, నోరెత్తకుండా మోసింది. కానీ ఈ గంజి సంగతి తను మూడుసార్లు చేసి, కళ్లారా చూసి తెలుసుకున్న నిజం. తనదంటూ ఈ ఇంట్లో ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా తన నోటితోనే అబద్ధం చెయ్యమంటున్నారు!

అన్నట్టుగానే సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్చీలో కూర్చుని నోటుబుక్కు తిరగేస్తూ శెభాష్ శెభాష్ అన్నాడు. చాయ్ అందుకుంటూ నవ్వాడు. "ఏందమ్మా, గంజిల ఏం కలిపినవ్?"

అబ్రహాం గొంతు సవరించుకున్నాడు.

"ఏం కలుపలే సార్. వేడి మీద రంగు రాదు, చల్లారితే వస్తది. నలభయ్యో పేజీల ఉన్నది, సూడుండ్రి."

ఇన్‌స్పెక్టరు పేజీ తీసి చదివాడు. కళ్లజోడు పైనుంచి అబ్రహాం వైపు చూశాడు. "గింత సాఫ్‌గ రాసి, మీరే ఎట్ల మరిచిండ్రు మాస్టర్?"

"సంతోషమ్మా, నువ్వు లోపటికి నడువు" అన్నాడు అబ్రహాం.

ఆమె కదల్లేదు.

"మరువలే సార్. మరువాలంటే ముందుగాల సదువాలె కద. అది రాసింది నేను."