చెరో చెవి

నాలుగో ఉతుకు డ్రమ్ము తలుపు తెరవగానే ఆవిరి భగ్గున మొహానికి కొట్టింది. పిన్ని తల పక్కకి తిప్పుకుని, మోచేతుల దాకా లోపలికి పెట్టి, ఒకదాంతో ఒకటి పెనవేసుకున్న దుప్పట్లని పట్టుకుంది. తడిసిన దుప్పటి మొండిఘటం, బతిమాలితే రాదు. ఒక కాలు డ్రమ్ము అంచుకి తన్నిపెట్టి, నడుం వెనక్కి వంచి ఒక్క ఊపు ఊపితే గానీ కదలదు. ఇరవై ఆరేళ్ళుగా అదే ఊపు. పైన ఆస్పత్రిలో ఎనిమిది వందల మంచాలున్నాయి. వాటి మీద ఎవరు పడుకున్నారో, ఎవరు లేచి ఇంటికెళ్ళారో, ఎవరు లేవనేలేదో ఆమెకి తెలియదు. దుప్పట్లు మాత్రం అన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి.

ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, గట్టి జబ్బలు, ఎప్పుడూ నాని తెల్లబడి ముడతలు పడ్డ వేలికొనలు. లాండ్రీలో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెని పిన్ని అనే అంటారు. పై అంతస్తుల్లో ఆమె మొహం గుర్తుపట్టే మనిషి ఒక్కరూ లేరు. అటువంటి పిన్ని ఆవేళ పొద్దుట్నుంచీ గడియారం వంకే చూస్తోంది. దానికి కారణం ఒక నాటకం. కళ్ళతో చూసేది కాదు, చెవులతో వినేది.

"ఏడుగురు, ఆరు కంచాలు" అని ఒక పాడ్‌కాస్టు. భూమికి ఎంతో దూరంలో, వెనక్కి తిరగడానికి వీల్లేని ఒక అంతరిక్ష నౌక. అందులో ఏడుగురు. మొదటి భాగంలోనే వంటవాడు పోతాడు. శవాన్ని సంచిలో కట్టి, అందరి ముందూ తలుపు తీసి శూన్యంలోకి వదిలేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరే మాయమవుతుంటారు. ఎవరు చేస్తున్నారన్నదే కథ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఒక భాగం వస్తుంది. ఇవాళ పదోది, ఆఖరుది.

వినేవాళ్ళ కోసం ఒక పేజీ ఉంది. అందులో "ఉతుకుడు పిన్ని" అన్న పేరుతో ఆమె వారం వారం సమీక్ష రాస్తోంది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, వ్యాసానికి బహుమతి తెచ్చుకున్న మనిషి, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ రాయడం ఇదే. మాసిన మూట మీద కూర్చుని, టీ తాగే పది నిమిషాల్లో, బొటనవేలితో ఫోన్లో కొట్టేది. "ఈ వారం అయిదుకి మూడు. కెప్టెన్ గొంతు గంజి ఎక్కువైన దిండు గలీబులా ఉంది, ఏడ్చినా మడత పడదు. డాక్టరమ్మ మాత్రం భలే అబద్ధం ఆడింది, ఊపిరి ఎక్కడా తొణకలేదు." ఇలా ఉండేవి ఆమె మాటలు. జనం నవ్వుకునేవాళ్ళు, వచ్చే వారం మళ్ళీ వెతుక్కుని చదివేవాళ్ళు.

అయిదో భాగంతో గొడవ మొదలైంది. వంటవాడికి బతికున్నప్పుడు ఒక అలవాటు. టీ కలిపాక చెంచాతో కప్పు అంచు మీద మూడుసార్లు కొట్టేవాడు. అతను పోయాక, అయిదో భాగంలో, సైరన్ హోరెత్తిపోతున్న చోట, ఆ టక్ టక్ టక్ పిన్నికి మళ్ళీ వినిపించింది. వెంటనే రాసేసింది: "వంటవాడు చావలేదు. ఇదంతా వాడి పనే. చెంచా విన్నాను."

అంతే, పేజీ అంతా ఆమె మీద పడింది. అటువంటి చప్పుడే లేదన్నారు. "గ్రహశకలం" అన్న పేరుతో రాసే ఒక మహానుభావుడు, ప్రతి భాగానికీ నాలుగు పేజీల విశ్లేషణ దంచే పెద్దమనిషి, మరీ రెచ్చిపోయాడు. "శవాన్ని అందరూ చూస్తుండగా బయటికి పంపారు. మరి ఆ సంచిలో వెళ్ళిందెవరు? పిన్నిగారు బట్టలు ఉతుక్కుంటే మంచిది." ఆ ప్రశ్నకి పిన్ని దగ్గర జవాబు లేదు. అయిదు వారాలుగా అన్నం సయించలేదు.

కూతురి కాలేజీ దాకా పాకింది ఈ సంగతి.

"అమ్మా, నా ఫ్రెండ్సంతా చూశారే! తీసేయ్, ప్లీజ్" అంది నిన్న పొద్దున.

"తీయను. నేను విన్నానే."

"రేపు తప్పని తేలితే?"

"తేలితే ఆ పేజీ మూసేస్తా. మళ్ళీ ఒక్క ముక్క రాస్తే నీ మీదొట్టు."

అనేసింది గానీ, ఒట్టు వేశాక తెలిసొచ్చింది, రాయకుండా ఉండడం తన వల్ల అయ్యే పని కాదని.

ఆమెతోపాటు ఆ నాటకం వినే మనిషి లాండ్రీలో ఇంకొకడున్నాడు. బాబాయ్. బక్కపలచని మనిషి, ముప్పై అయిదేళ్ళ సర్వీసు, చెంపల మీద ఆవిరి కాల్చిన మచ్చలు. శుక్రవారం మూడింటికి ఇద్దరూ చిరిగిన గుడ్డలు ఏరే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చునేవాళ్ళు. యంత్రాల గంట వినపడడానికి ఒక చెవి ఖాళీగా ఉంచుకోవాలన్నది లాండ్రీలో రూలు. అందుకని ఉన్న ఒక్క ఇయర్‌ఫోను జతలో ఎడమది ఆమె ఎడమ చెవిలో, కుడిది ఆయన కుడి చెవిలో. తొమ్మిది వారాలూ అంతే. చెంచా మాటెత్తితే చాలు, బాబాయ్ కూడా గ్రహశకలం వైపే.

"చెంచా లేదు, గించా లేదు. నీకు చెవుడొచ్చింది అమ్మాయ్."

"చెవుడు నీకు బాబాయ్! సైరన్ ఒక్కటే వినిపిస్తుంది నీకు."

"అవును, సైరనే. చెవులు చిల్లులు పడేలా!"

ఆవేళే బాబాయికి ఆఖరి షిఫ్టు. సన్మానం గిన్మానం అంటే పని మానేసి ముందే వెళ్ళిపోతానని వారం కిందటే బెదిరించాడు. అందుకని ఎవరూ ఆ మాటెత్తలేదు.

మధ్యాహ్నం రెండవుతుండగా ఆపరేషన్ థియేటర్ల మూటలు దిగాయి. బాబాయ్ ఒక ఆకుపచ్చ మూటని మెడ పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ వస్తూ, డ్రమ్ముకి రెండడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయాడు.

"ఆగు. ఇందులో స్టీలుంది."

మూట విప్పితే గుడ్డల మధ్య ఒక చిన్న ట్రే, రెండు కత్తెరలు. పైన నర్సులు హడావుడిలో మరిచిపోతుంటారు. ఒక్క కత్తెర డ్రమ్ములో పడిందంటే నలభై దుప్పట్లు పీలికలవుతాయి. గుడ్డలో చుట్టిన స్టీలు నేల మీద ఈడుస్తుంటే ఎలా చప్పుడు చేస్తుందో బాబాయ్ చెవికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కత్తెరలు పక్కన పెడుతూ ఆయన మామూలుగా అన్నాడు:

"మన వంటవాడి మూటలాగే."

"ఏ మూట?"

"అదే, మొదటి వారం. తలుపు దాకా ఈడ్చుకెళ్ళారు కదా శవమని చెప్పి. శవమేంటి, అంతా గిన్నెలూ కంచాలూనూ. గలగలమనలా?"

పిన్ని చేతిలోని దుప్పటి జారిపోయింది.

"బాబాయ్, నాకేమీ వినపడలేదు. బరువుగా ఈడుస్తున్న చప్పుడు, డాక్టరమ్మ ఏడుపు, అంతే."

"ఏడుపా? ఎవరేడ్చారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్ని పరుగున వెళ్ళి చేతులు తుడుచుకుని ఫోను తెచ్చింది. మొదటి భాగం, శవాన్ని పంపే చోటు. ఈసారి కుడిది తను పెట్టుకుంది, ఎడమది ఆయన చెవిలో పెట్టింది. నేల మీద ఈడుస్తున్న సంచి, దాని లోపల్నుంచి గుడ్డ అణిచేసిన స్టీలు గలగల, స్పష్టంగా! బాబాయ్ కళ్ళు పెద్దవి చేశాడు. "ఓర్నీ, నిజంగానే ఏడుస్తోంది పాపం" అన్నాడు. తర్వాత అయిదో భాగం. కుడి చెవిలో ఆమెకి సైరన్ తప్ప ఇంకేమీ లేదు. ఆయన చెయ్యెత్తాడు, ఒక వేలు, రెండు, మూడు.

"చెంచా" అన్నాడు నెమ్మదిగా.

నాటకం వాళ్ళు ఎడమ వైపు ఒక చప్పుడు, కుడి వైపు ఇంకో చప్పుడు పెట్టారు. రెండు చెవులతో వినేవాళ్ళకి సైరన్ కింద చెంచా నలిగిపోయింది. గలగల అందరికీ వినపడే ఉంటుంది, గొలుసనో బోల్టులనో అనుకుని ఉంటారు. ఎడమ చెవి ఒక్కదానితో వినే మనిషికే ఆ చెంచా అందింది. ముప్పై అయిదేళ్ళు మూటలు ఈడ్చిన మనిషికే ఆ స్టీలు తెలిసింది.

"తొమ్మిది వారాలు సగం కథ విని, మిగతా సగం విన్న మనిషిని చెవిటిదాన్ని అన్నానా నేను!" బాబాయ్ బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"నవ్వుతావేంటి బాబాయ్! ఈ ముక్క మొదటి వారమే చెప్పి ఉంటే నాకు ఈ తిట్లుండేవా?"

"నువ్వు రాసే ఉంటావనుకున్నా అమ్మాయ్. నాకా ఫోన్లో చీమల్లాంటి అక్షరాలు కనపడి చస్తాయా?"

గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. రెండో డ్రమ్ము గంట కొట్టింది. "అది నేను చూసుకుంటా, నువ్వు రాయి" అని బాబాయ్ లేచాడు. పిన్ని మూట మీద కూర్చుంది. నానిన వేళ్ళకి ఫోను పలకడం లేదు, ఏప్రాన్‌కి తుడుచుకుంటూ తుడుచుకుంటూ కొట్టింది. మూడో డ్రమ్ము గంట కొట్టింది. నాలుగోది కూడా కొట్టింది. బాబాయ్ ఒక్కడే మూడు డ్రమ్ముల మధ్యా తిరుగుతూ, దుప్పట్లు లాగుతూ, "తొందరేం లేదు, నిదానంగా రాయి" అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన ముక్కు చివర నుంచి చెమట కారుతోంది.

రెండూ యాభైకి అయిపోయింది. పంపే ముందు బిగ్గరగా చదివి వినిపించింది:

"సంచిలో ఎవరు వెళ్ళారని అడిగారు. ఎవరూ వెళ్ళలేదు. వంటింటి సామాను వెళ్ళింది. కట్టింది డాక్టరమ్మ, అందుకే ఆ ఏడుపులో తడి లేదు. వంటవాడు గోడల వెనక పైపుల దారిలో బతికే ఉన్నాడు, సైరన్ మోగినప్పుడల్లా టీ కలుపుకుంటున్నాడు. అలవాటు మనిషిని పట్టిస్తుంది. ఇది నేనొక్కదాన్నే కనిపెట్టింది కాదు. ఎడమ చెవి నాది. కుడి చెవి మా బాబాయిది. ఈ నాటకానికి అయిదుకి అయిదు, ఇప్పుడే ఇచ్చేస్తున్నా. మూడింటికి నేను ఓడిపోతే, ఇదే నా ఆఖరి సమీక్ష."

బాబాయ్ దుప్పటి లాగడం ఆపి ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఇలా రాస్తున్నావా నువ్వు?" అన్నాడు. "నేను బాగుంది, బాగాలేదు అని రాస్తావనుకున్నానే."

పంపింది. నిమిషంలో గ్రహశకలం జవాబు: "హహహ. వంట సామానట!"

మూడింటికి ఇయర్‌ఫోను పెట్టుకోనివ్వలేదు ఎవరూ. ఇస్త్రీ దగ్గరి ఆడవాళ్ళు నలుగురూ వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. ఫోన్ని ఖాళీ బకెట్టులో పెట్టారు, శబ్దం పెద్దగా వస్తుందని. "ఏంటీ సంత?" అంటూ వచ్చిన సూపర్‌వైజరు సంగతి విని, తలుపు మూసి, తనూ ఒక మూట మీద కూర్చున్నాడు. పిన్ని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఇరవై నిమిషాలు గడిచాయి. కెప్టెన్ ఇంజినీరుని అనుమానించాడు, ఇంజినీరు కెప్టెన్ని తిట్టాడు. చెంచా జాడ లేదు. ఇరవై అయిదు నిమిషాలు. పిన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, రేపట్నుంచి టీ తాగే పది నిమిషాలూ ఉత్త టీ తాగడమే, అనుకుంది.

అప్పుడు నౌకలో దీపాలు ఆరిపోయాయని ఎవరో అరిచారు. అంతా నిశ్శబ్దం. గోడ వెనకనుంచి, తీరిగ్గా, టక్. టక్. టక్.

"ఎవరక్కడ?" అన్నాడు కెప్టెన్.

"టీ చల్లారిపోతుంది కెప్టెన్" అంది వంటవాడి గొంతు. "కంచాలే లేవు. అవన్నీ నా బదులు బయటికి వెళ్ళాయిగా."

లాండ్రీ దద్దరిల్లింది! సూపర్‌వైజరు లేచి గంతేశాడు. ఇస్త్రీ ఆడవాళ్ళు పిన్నిని పట్టుకుని ఊపేశారు. ఒకామె తడి దుప్పటి తెచ్చి కండువాలా ఆమె భుజాల మీద కప్పింది. బాబాయ్ మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, తన కుడి చెవిని రెండు వేళ్ళతో మెల్లిగా తడుముకున్నాడు. పిన్ని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక తను చెప్పింది నిజమని ఇంతమంది ఒక్కసారి ఒప్పుకోవడం ఆమెకి ఇదే మొదలు.

పది నిమిషాలకి నాటకం తీసినవాళ్ళు ఆమె సమీక్షని పేజీలో అన్నిటికంటే పైన పెట్టారు. కింద ఒక మాట రాశారు: "రెండు ఆధారాలూ పట్టుకున్నవాళ్ళు ఒక్కరే. కాదు, ఇద్దరు." కూతురు ఫోన్ చేసింది, మాట్లాడనివ్వకుండా అరిచింది: "అమ్మా! అందరికీ చెప్పేశా, మా అమ్మే అని!" చివరికి గ్రహశకలం కూడా దిగొచ్చాడు. "పిన్నిగారూ, క్షమించాలి. మీరు ఏ కంపెనీ హెడ్‌ఫోన్లు వాడతారో చెప్తారా?"

"పాతవే బాబూ. చెరోటి పెట్టుకుంటాం" అని జవాబిచ్చింది పిన్ని.

నాలుగింటికి గంట కొట్టింది. బాబాయ్ చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, రిజిస్టరులో సంతకం పెట్టాడు. భోజనం డబ్బా చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"వచ్చే నెల కొత్త కథ మొదలెడతారట బాబాయ్."

"నా మనవరాలి చేత పెట్టించుకుని వింటాలే. నువ్వు రాసింది ఫోన్ చేసి చదువు. తప్పు రాస్తే చెవుడని అక్కణ్ణుంచే అంటా."

"అను బాబాయ్. అనకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఆయన ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, తీసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇస్త్రీ ఆడవాళ్ళు వెనక నుంచి కేకలు పెడుతున్నా వెనక్కి చూడలేదు. పిన్ని మెట్ల చప్పుడు ఆగిపోయేదాకా నిలబడింది, తర్వాత ఏప్రాన్ విప్పి తగిలించడానికి లోపలికి వచ్చింది.

గోడ వారన ఆయన రబ్బరు బూట్లు కడిగి, రేపటికి ఆరాలని, రోజూలాగే తలకిందులుగా ఆనించి ఉన్నాయి. వాటి నుంచి నేల మీదికి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.